మిగిలిన 108 మంది

మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది 2014 మే 25న. అప్పటికి ఆ పిల్లకు పదమూడేళ్ల పదకొండు నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరు, వ్యవసాయ కూలీల ఇల్లు, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. పదహారేళ్లు నిండనివాళ్లను నేపాల్ తన వైపు నుంచి ఎక్కనివ్వదు కనుక టిబెట్ వైపు నుంచి తీసుకెళ్లారు. వెంట ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఉన్నాడు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. సినిమా కూడా వచ్చింది.

అంతకు ముందటి సంగతి తక్కువమందికి తెలుసు. గురుకులాల నుంచి ఏరిన 110 మంది పిల్లల్ని భువనగిరి తీసుకెళ్లి, కోట ఉన్న ఆ ఏకశిల మీద తాళ్లు కట్టి బండలెక్కడం నేర్పారు. వాళ్లలో 20 మందిని డార్జిలింగ్ పంపారు. వడపోయగా వడపోయగా చివరికి శిఖరానికి మిగిలింది ఇద్దరు. 110 లోంచి రెండు తీసేస్తే 108. పేపర్లో ఫొటో పడనిది వీళ్లదే. నడుముకు తాడు బిగించుకుని, ఆ తాడు పట్టుకున్న మనిషిని నమ్మి మొదటిసారి నిట్టనిలువు బండ మీద కాలు పెట్టిన ఆ 108 మందికి ఏం దక్కింది? ఒక యువజన కార్యక్రమం మంచిదో కాదో తేల్చాలంటే లెక్క అక్కడ మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఎదిగే పిల్లల గురించి ప్రభుత్వాలూ స్వచ్ఛంద సంస్థలూ చాలాకాలం ఒకే తీరుగా ఆలోచించాయి. తాగకుండా చూడాలి, బడి మానకుండా చూడాలి, ఈడు రాకుండా పెళ్లి కాకుండా చూడాలి. అన్నీ కావలసినవే. 1990ల్లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఈ ఆలోచనను తిరగేశారు. ఏ చెడ్డ అలవాటూ లేనంత మాత్రాన పిల్లవాడు బతుకుకు సిద్ధమైపోయాడా అని అడిగారు. పాజిటివ్ యూత్ డెవలప్‌మెంట్ అనే పేరుతో ఇప్పుడు ప్రపంచమంతా నడుస్తున్న కార్యక్రమాలకు ఆ ప్రశ్నే మూలం. పరిశోధకుడు రిచర్డ్ లెర్నర్ బృందం 2002లో మొదలుపెట్టి 42 అమెరికన్ రాష్ట్రాల్లో ఏడు వేల మందికి పైగా పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించింది. మినియాపొలిస్‌లోని సెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అయితే ఏకంగా 40 అంశాల జాబితా తయారుచేసింది. పిల్ల చుట్టూ ఉండాల్సినవి 20, పిల్ల లోపల ఉండాల్సినవి 20.

ఆ జాబితాలో కొన్ని చూడండి. అమ్మానాన్న కాకుండా అండగా నిలిచే పెద్దవాళ్లు కనీసం ముగ్గురు. వారానికి ఒక గంటైనా ఊరికి పనికొచ్చే పని. వారానికి మూడు గంటలు పాటో వాయిద్యమో నాటకమో. పనీపాటా లేకుండా స్నేహితులతో బయట తిరిగేది వారానికి రెండు రాత్రులు మించకూడదు. మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పని మాట ఇందులో ఒక్కటీ లేదు. కాకపోతే వాళ్లు వీటికి అంకె పెట్టారు. అంకె ఉంటే కొలవచ్చు, లేకపోతే నిలదీయవచ్చు. ఆ అంకెలు పట్టుకుని అచ్చంపేట దాకా వద్దాం.

55 శాతం

అచ్చంపేట నల్లమల అడవికి వాకిలి. ఇక్కడి నుంచి దాదాపు ఇరవై కిలోమీటర్లు పోతే మన్ననూరు, అక్కడ అటవీశాఖ చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు. 2016 అక్టోబర్ 11న నాగర్‌కర్నూల్ జిల్లా అయ్యేదాకా ఇదంతా పాలమూరే, అంటే మహబూబ్‌నగర్ జిల్లా. 2011 జనగణనలో ఆ ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల్లో అదే అట్టడుగు, రాష్ట్ర సగటు 67. ఆడవాళ్ల వరకే చూస్తే 45 శాతం కూడా లేదు. సగానికి పైగా ఆడవాళ్లకు అక్షరం రాదన్నమాట. ఇవాళ ఇక్కడ ఇంటర్, డిగ్రీ చదువుతున్న పిల్లల తల్లులు వాళ్లలోంచి వచ్చినవాళ్లే.

ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా జనాభా అదే జనగణన ప్రకారం 8.6 లక్షలు. దేశంలో అప్పుడు పది నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య వాళ్లు 25.3 కోట్లు, అంటే అయిదుగురిలో ఒకరు. ఆ పాళ్లే ఇక్కడా పెట్టుకుంటే ఈ ఒక్క జిల్లాలో లక్షా డెబ్బై, ఎనభై వేల మంది. ఇందులో పెద్ద భాగం ఇంటిలో మొదటిసారి టెన్త్ దాటుతున్న తరం. పుస్తకంలో డౌటొస్తే అడగడానికి ఇంట్లో ఎవరూ ఉండరు. పాలమూరు వలస సంగతి వేరే చెప్పక్కర్లేదు. తల్లిదండ్రులు బతుకుదెరువు కోసం బొంబాయో హైదరాబాదో పోతే పిల్ల అమ్మమ్మ దగ్గరో హాస్టల్లోనో పెరుగుతుంది. అలాంటి పిల్లకు హాస్టల్ అంటే చదువుకునే చోటు మాత్రమే కాదు, ఇల్లు కూడా అదే.

640

గురుకులాలు పుట్టింది కూడా ఈ మెట్ట నేల మీదే. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. ఇప్పుడు తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, జనరల్ గురుకులాలన్నీ కలిపితే వెయ్యి దాటాయి. రాష్ట్రం ఏర్పడేనాటికి 134 ఉన్న సాంఘిక సంక్షేమ గురుకులాలు తర్వాత 268 అయ్యాయి. ఏటా అయిదో తరగతికి యాభై వేలకు కాస్త అటూ ఇటూగా సీట్లు, వాటికి ప్రవేశపరీక్ష. పదేళ్ల పిల్ల పరీక్ష రాసి, నెగ్గి, రేకు పెట్టె తాళంచెవి మెడలో దారానికి వేలాడదీసుకుని ఇల్లు విడిచి వెళుతుంది.

ఒక పూర్తిస్థాయి గురుకులంలో పిల్లలు 640 మంది. అయిదు నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఎనిమిది తరగతులు, తరగతికి రెండు సెక్షన్లు, సెక్షన్‌కు 40 మంది. వాళ్ల తిండికి ప్రభుత్వం ఇచ్చే డైట్ ఛార్జీలను 2024 చివర్లో 40 శాతం పెంచారు. మూడు నుంచి ఏడు తరగతుల పిల్లకు నెలకు 950 ఉండేది 1,330 అయింది. ఎనిమిది నుంచి పది వాళ్లకు 1,100 నుంచి 1,540. ఇంటర్, ఆపైన 1,500 నుంచి 2,100.

1,330ని ముప్పైతో భాగిస్తే 44 రూపాయల 33 పైసలు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం చిరుతిండి, రాత్రి భోజనం అందులోనే. గుడ్డుకు ఆరేడు రూపాయలు పోతే మిగిలిన 37, 38 రూపాయల్లో పప్పు, కూర, నూనె, పాలు, పండు, చికెన్ అన్నీ సర్దాలి. పెంచకముందు ఈ లెక్క రోజుకు 31 రూపాయల 67 పైసలు. అదెలా సరిపోయిందో వంట చేసినవాళ్లనే అడగాలి. ఆ 2024లోనే హాస్టళ్లలో, బళ్లలో తిండి వికటించి పిల్లలు ఆసుపత్రుల పాలైన వార్తలు వరసగా వచ్చాయి. పెంపు మంచిదే, ఆలస్యంగానైనా వచ్చింది. దాంతోపాటే వచ్చిన ఇంకో పెంపు నాకు ఇంకా ముఖ్యంగా తోచింది. ఎనిమిది నుంచి పది చదివే ఆడపిల్లకు సబ్బూ నూనె వగైరాలకు ఇచ్చే కాస్మెటిక్ ఛార్జీ నెలకు 75 రూపాయలుండేది 275 అయింది. పద్నాలుగేళ్ల పిల్లకు నెలకు 75 రూపాయలంటే నెలసరి రోజుల్లో వేరేవాళ్ల దగ్గర చేయి చాచమని చెప్పడమే. ఆత్మవిశ్వాసం మీద ఉపన్యాసాలిచ్చే ముందు చూసుకోవాల్సిన అంకె అది.

తిండి మాట వచ్చింది కనుక ఇదీ చెప్పుకోవాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత. బళ్లలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర దానికోసమే. కడుపులో తిప్పుతోందని కిటికీలోంచి పారేసే పిల్లలూ ఉంటారు. అన్నం తిన్నాక వేసుకొమ్మని, మొదట్లో అలాగే ఉంటుందని దగ్గర కూర్చుని చెప్పేవాళ్లుంటే మింగుతారు.

3,935 గంటలు

ఏడాదికి 8,760 గంటలు. ఎదిగే పిల్ల రోజుకు తొమ్మిది గంటలు నిద్రపోతే 3,285 పోయాయి. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, వెయ్యి బోధన గంటలు ఉండాలంటుంది. ఆటవిడుపు, భోజన విరామం కలుపుకుని బడి రోజుకు ఏడు గంటలనుకుంటే 1,540. ఇంకా 3,935 గంటలు మిగిలాయి. బడిలో గడిపేదానికి రెండున్నర రెట్లు. మన విద్యాశాఖ, మన పేపర్లు, మన తల్లిదండ్రులు మాట్లాడేదంతా ఆ 1,540 గంటల గురించే. పిల్లలు మంచో చెడో నేర్చుకునేది మాత్రం ఎక్కువగా ఈ 3,935లో.

ఆ గంటల్లో ఏముంది? పల్లెల్లో 2022 జూన్ 2న మొదలుపెట్టిన తెలంగాణ క్రీడా ప్రాంగణాలున్నాయి. ఊరి బయట కమాను, దాని మీద పేరు, లోపల వాలీబాల్ స్తంభాలు, ఖోఖో స్తంభాలు, సింగిల్ బార్, డబుల్ బార్, లాంగ్‌జంప్ గుంత. ఆలోచన చక్కటిది. చాలా ఊళ్లలో వానాకాలం దాటాక వెళ్లి చూస్తే గుంతలో తుంగ, స్తంభాల మధ్య నడుమెత్తు గడ్డి. నెట్ కట్టేవాడు లేడు, బంతి కొనేవాడు లేడు, సాయంత్రం అయిదింటికి వచ్చి ఈల వేసేవాడు అసలే లేడు. స్థలానికి, ఇనుముకు బడ్జెట్ పెట్టి మనిషికి పెట్టడం మరిచారు. అదే ఊళ్లో బెల్టు షాపు మాత్రం పొద్దున్నే తెరుచుకుంటుంది. తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం మద్యం తాగుతారని అదే ఆరోగ్య సర్వే చెబుతోంది. పదిహేనేళ్ల కుర్రాడికి సాయంత్రం పూట రమ్మని పిలిచే చోట్లలో ఏది తెరిచి ఉందన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

కాలేజీలో చేరితే జాతీయ సేవా పథకం, ఎన్ఎస్ఎస్ ఉంది. 1969 సెప్టెంబర్ 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో మొదలైంది. ఏడాదికి 120 గంటల సేవ, రెండేళ్లకు 240, మధ్యలో ఏడు రోజుల శిబిరం. 120ని 52 వారాలతో భాగిస్తే వారానికి రెండు గంటల పైచిలుకు. సెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అడిగిన గంటకు ఇది రెట్టింపు, పైగా వాళ్ల జాబితా కంటే ఇరవై ఏళ్లు ముందు. కాగితం మీద మనం ఎవరికీ తీసిపోం. కానీ ఆ గంటల్లో ఎక్కువ భాగం చీపుళ్లు పట్టుకుని ఫొటో దిగడంలోనే గడుస్తోంది. ఊరికి ఏం కావాలో పిల్లలే తిరిగి తెలుసుకుని, వాళ్లే పని ఎంచుకుని, వాళ్లే లెక్క చెప్పిన శిబిరానికీ, సర్పంచ్ చెప్పిన మోరీ తీసి వచ్చిన శిబిరానికీ గంటలు సమానమే. పిల్లలో మిగిలేది సమానం కాదు.

కళల సంగతి ఒక్క మాటలో. అచ్చంపేటకు ఆనుకునే ఉన్న లింగాల మండలం అవుసలికుంట వాడు దర్శనం మొగిలయ్య. పన్నెండు మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన గురించి ఎనిమిదో తరగతి పిల్లలు పాఠం చదివారు. ఆయన దగ్గర కూర్చుని వారానికి మూడు గంటలు కిన్నెర నేర్చుకునే ఏర్పాటు అయితేనే జాబితాలోని ఆ గడి నిండుతుంది.

ముగ్గురు పెద్దలు

నలభై అంశాల్లో ఒక్కటే ఎంచుకోమంటే నేను ముగ్గురు పెద్దల్నే ఎంచుకుంటాను. దీనికి గట్టి ఆధారం ఉంది. అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అనే సంస్థ ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషిని జత చేస్తుంది. ఎనిమిది నగరాల్లో 10–16 ఏళ్ల పిల్లలు 959 మందిని తీసుకుని, సగం మందికి జత కుదిర్చి, సగం మందిని వేచి ఉండమని, పద్దెనిమిది నెలల తర్వాత పోల్చారు. 1995లో ఫలితాలొచ్చాయి. జత దొరికిన పిల్లలు మత్తుమందు మొదలుపెట్టడం 46 శాతం తక్కువ, మద్యం మొదలుపెట్టడం 27 శాతం తక్కువ, బడి ఎగ్గొట్టిన రోజులు సగానికి సగం. ఆ పెద్దవాళ్లు చేసింది బ్రహ్మవిద్య కాదు. నెలకు మూడుసార్లు కలవడం, మూడు నాలుగు గంటలు కలిసి తిరగడం, మాట్లాడటం. అంతే.

అదే లెక్కల్ని 2002లో మళ్లీ తవ్వితే ఇంకో సంగతి బయటపడింది. ఏడాది దాటి నిలిచిన జతల్లో పిల్లలు బాగుపడ్డారు. మూడు నెలల్లోపే తెగిపోయిన జతల్లో తమ మీద తమకున్న నమ్మకం ఉన్నదానికంటే తగ్గింది. అంటే మధ్యలో వదిలేసే మనిషి కంటే రాని మనిషే నయం. సెలవుల్లో హైదరాబాద్ నుంచి వచ్చి నెల రోజులు హాస్టల్లో పాటలు పాడించి, సెల్ఫీలు దిగి, మళ్లీ కనిపించని వాలంటీర్లు, మూడేళ్ల ప్రాజెక్టు పద్దెనిమిది నెలలకే మూసేసే సంస్థలు ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి.

గురుకులంలో ముగ్గురు పెద్దలు దొరకడం సాధ్యమేనా? 640 మందికి ముప్పై మంది టీచర్లున్నారనుకుంటే ఒక్కొక్కరికి 21 మంది పిల్లలు. ఆ 21 మందినీ పేరు పెట్టి పిలుస్తూ, రాత్రి ఎవరు ఏడ్చారో, ఎవరు అన్నం వదిలేశారో కనిపెట్టే హౌస్ టీచర్ ఉంటే చాలావరకు గట్టెక్కుతాం. ఆ ముప్పైలో సగం మంది ఏడాదికొకరు మారిపోయే పార్ట్‌టైమ్, గెస్ట్ టీచర్లయితే లెక్క కాగితం మీదే నిలుస్తుంది.

బయటివాళ్ల చదువులు ఎందుకు, ఇక్కడే జరిగి చూపించినవాళ్లున్నారు. శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాలకార్మికుల్ని బడికి మళ్లించింది. లక్షల మంది పిల్లలు పని మాని బడికెళ్లారు, 2003లో ఆమెకు మెగసెసే వచ్చింది. ఆ పని ముందుండి చేసింది ఊళ్లో కాస్త చదువుకున్న కుర్రకారు. ఇల్లిల్లూ తిరిగారు, దొరల్ని, యజమానుల్ని నిలదీశారు, బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో పిల్లలతోనే ఉన్నారు. పిల్లలు బాగుపడ్డారు సరే, ఆ కుర్రకారు కూడా నాయకులయ్యారు. యువతకు బాధ్యత అప్పగించడమంటే ఏమిటో ఇంతకంటే తేటగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

16,912

నల్లమల అడవిలో బతికే ఆదివాసులు చెంచులు. తెలంగాణలో వాళ్ల సంఖ్య 2011 జనగణనలో 16,912. ఆంధ్రప్రదేశ్ వైపు వాళ్లను కలిపితే 64,227. వీళ్ల కోసమే మన్ననూరులో గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది, ఆశ్రమ పాఠశాల ఉంది. దేశంలోని 75 బలహీన ఆదివాసీ సమూహాల్లో చెంచులు ఒకరు కనుక 2023 నవంబర్‌లో మొదలైన పీఎం జన్‌మన్ పథకం కూడా వర్తిస్తుంది. ప్రతి నివేదికలోనూ చెంచు పిల్లల గురించి కనిపించేది లోటుల జాబితానే: అక్షరాస్యత లేదు, రక్తం లేదు, హాజరు లేదు.

అప్పాపూర్‌లాంటి లోపలి పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, పెరిగే పదేళ్ల పిల్లవాడిని నలభై అంశాల జాబితాతో కొలిచి చూడండి. పెంటలో ప్రతి పెద్దవాడూ వాడికి పిన్నమ్మో మామో తాతో. ముగ్గురెందుకు, ఇరవై మంది ఉంటారు. ఏ ఆకు దేనికి, ఏ అడుగు ఏ జంతువుది, ఏ చెలిమెలో వేసవిలో నీళ్లుంటాయి అన్నది వాడికి తెలుసు. తేనె తీసే రోజున పెద్దవాళ్లు గుట్ట అంచు నుంచి తాడు మీద దిగుతుంటే పక్కనే ఉండి చూస్తాడు. పైన తాడు పట్టుకునేది బావమరిది అయి ఉండాలని నల్లమలలో చెప్పుకుంటారు. తన తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ తాడు చివర వేలాడుతున్నాయి కదా, చెయ్యి జారనివ్వడు. భువనగిరి బండ దగ్గర గురుకులం పిల్లలకు కొత్తగా నేర్పిన పాఠం ఈ పిల్లవాడికి ఇంట్లో ఉన్నదే.

ఆశ్రమ పాఠశాలలో అడుగుపెట్టిన రోజున వాడి ఇరవై మంది పెద్దలూ ఒక్కసారిగా సున్నా అవుతారు. తెలిసిన విద్య ఏ పరీక్షలోనూ రాదు. వాడు వారానికే గోడ దూకి పెంటకు నడిచి పోతే రిజిస్టర్‌లో డ్రాపవుట్ అని రాస్తాం. అటవీశాఖ ఇదే చెంచు యువకుల్ని పులుల జాడ తీయడానికీ, బేస్ క్యాంపుల్లో కాపలాకూ, సఫారీ గైడ్లుగానూ జీతమిచ్చి పెట్టుకుంటోంది. వాళ్ల విద్యకు విలువ ఉందని ఒక శాఖకు తెలుసు, ఇంకో శాఖకు తెలియదు. పెంట నుంచే ఒకరిని ఆశ్రమ పాఠశాలలో ఏడాది పొడవునా పెట్టి, నెలకోసారి పిల్లల్ని అడవిలోకి తీసుకెళ్లే పీరియడ్ పెడితే హాజరు మీద దాని ప్రభావం కొలిచి చూడవచ్చు. పెద్ద ఖర్చు కూడా కాదు.

లక్షా నూట పదహారు

ఆడపిల్లల దగ్గరికొచ్చేసరికి లెక్క మరీ చిక్కు. అదే 2019–21 ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు 23.5 శాతం. అయిదేళ్ల ముందటి సర్వేలో 26.2. తగ్గుదల ఉంది, నత్తనడక. 2014 అక్టోబర్ 2న 51 వేలతో మొదలైన కల్యాణలక్ష్మి 2018లో 1,00,116 రూపాయలకు చేరింది. పెళ్లికూతురికి పద్దెనిమిది నిండితేనే డబ్బు. పేదింటికి ఇది చిన్న ఆసరా కాదు, పెళ్లి వాయిదా వేయడానికి ఒక కారణం కూడా. కానీ ఆ డబ్బు అందేది పెళ్లికే. పశ్చిమ బెంగాల్ 2013లో పెట్టిన కన్యాశ్రీలో పద్దెనిమిదేళ్లకు పెళ్లి కాకుండా చదువుతూనో శిక్షణలోనో ఉంటే 25 వేలు పిల్ల ఖాతాలో పడతాయి. మొత్తం నాలుగో వంతే, కానీ ఎటు వైపు అడుగేస్తే అందుతుందో చూడండి. డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్న పిల్ల ఇంటిలో పెళ్లి మాటొచ్చినప్పుడు, ప్రభుత్వం తరఫున బల్ల మీదున్న పెద్ద మొత్తం పెళ్లికైతే, ఆ పిల్ల తన వాదన దేనితో వినిపించాలి?

బిహార్ 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. హైస్కూల్లో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని, ఆడ మగ తేడా 40 శాతం తగ్గిందని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ చేసిన అధ్యయనం తేల్చింది. మనకు దానికి సాటి వచ్చేది మహాలక్ష్మి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్. అచ్చంపేటకు చదువుకోవడానికి వచ్చే పల్లెల పిల్లకు బస్సు ఛార్జీ అన్నది ఇప్పుడు ఇంట్లో అడగాల్సిన డబ్బు కాదు. నాకడిగితే ఈ పథకాన్ని రవాణా కిందకంటే యువజన వికాసం కిందే రాసుకోవాలి. మిగిలిన చిక్కల్లా సాయంత్రం ఆఖరి బస్సు. కాలేజీ అయ్యాక లైబ్రరీలో గంట కూర్చున్నా, వాలీబాల్ ఆడినా ఊరికి బస్సుండదంటే ఆ పిల్ల 3,935 గంటలకు తాళం పడ్డట్టే.

5 శాతం

ఇదంతా ఆచరణలో కుదురుతుందా అనేవాళ్లకు ఐస్‌లాండ్ ఉంది. జనాభా దాదాపు నాలుగు లక్షలు, మన నాగర్‌కర్నూల్ జిల్లాలో సగం కూడా లేదు. 1998లో అక్కడ 15–16 ఏళ్ల పిల్లల్లో గడిచిన నెలలో తాగి తూలినవాళ్లు 42 శాతం. 2016కు 5 శాతం. రోజూ సిగరెట్ తాగేవాళ్లు 23 నుంచి 3కు దిగారు. భయపెట్టే పోస్టర్లతో సాధించింది కాదిది. రాజధాని రేక్యావిక్‌లో ఆటకో పాటకో డాన్సుకో కట్టుకొమ్మని ఒక్కో పిల్లకు ఏడాదికి 35 వేల క్రోనర్ల కార్డు ఇచ్చారు. మన డబ్బులో అప్పటికి ఇరవై వేల పైమాటే. పిల్లలు రాత్రిపూట బయట తిరిగే వేళకు హద్దు పెట్టారు, తల్లిదండ్రులు కలిసి మాట ఇచ్చుకున్నారు.

డబ్బున్న దేశం కాబట్టి చేసింది అనొచ్చు, నిజమే. కానీ వాళ్లు చేసిన ఇంకో పనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. పిల్లల్ని సర్వే చేసి, సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయి, ఎవరితో మాట్లాడతావు, అమ్మానాన్నతో ఎంతసేపు ఉంటావు అని పేరు లేకుండా రాయించి, నెలల్లోనే ఏ బడి ఫలితం ఆ బడికి ఇచ్చేశారు. మన దగ్గర పిల్లల గురించి సేకరించే అంకెలన్నీ పైకి పోతాయి, కిందికి తిరిగి రావు. అచ్చంపేట మండలంలోని పదో తరగతి పిల్లల సాయంత్రాల గురించి అచ్చంపేటకే తెలియదు.

ఇక అచ్చంపేటకు రాబోయేది యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ రెసిడెన్షియల్ స్కూల్. 2024 అక్టోబర్ 11న శంకుస్థాపనలు జరిగిన మొదటి 28 నియోజకవర్గాల జాబితాలో అచ్చంపేట ఉంది. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సొంతూరు కొండారెడ్డిపల్లి కూడా ఈ నియోజకవర్గంలోదే. పాతిక ఎకరాల దాకా స్థలం, అన్ని కులాల పిల్లలు ఒకే ఆవరణలో, మొత్తం 2,560 మంది. నాలుగు గురుకులాల సంఖ్య. కులానికొక గోడ లేకుండా పిల్లలు కలిసి పెరగడం ఎన్నాళ్లుగానో కావలసిందే, అందుకు ఈ పథకాన్ని మెచ్చుకుంటాను. భవనం, ల్యాబు, స్టేడియం బొమ్మలు చూశాం. 2,560 మందికి హౌస్ టీచర్లు ఎందరు, ఒక్కొక్కరి చేతికింద ఎందరు పిల్లలు, వాళ్లు కనీసం మూడేళ్లు అక్కడే ఉంటారా అన్నది టెండర్ కాగితాల్లో ఉండే సంగతి కాదు. అడిగితేనే వస్తుంది.

ఈ జూన్‌లో గురుకులంలోనో హాస్టల్లోనో పిల్లను దింపడానికి వెళ్లేవాళ్లు ఒక పని చేయండి. పెట్టె లోపల పెట్టేశాక గేటు దగ్గరి నుంచే తిరిగి రాకండి. మా పిల్ల హౌస్ టీచర్ ఎవరు, ఆమె కింద ఎంతమంది ఉన్నారు, సాయంత్రం ఆట ఎన్నింటికి అని అడగండి. ఆమెతో రెండు మాటలు మాట్లాడి ఫోన్ నంబర్ రాసుకోండి. ఇంటికొచ్చి పిల్ల ఏదైనా కష్టం చెబితే పిల్లల హెల్ప్‌లైన్ 1098, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలి మానస్ 14416. రెండూ ఉచితం, రెండూ రాత్రింబవళ్లు పనిచేస్తాయి.